ఖాళీ నేల మీద ఒంటరి సఫర్

మా ఇళ్ళలో ప్రయాణానికి ఎప్పుడూ ఒక పని ఉంటుంది. పెళ్ళికి పోతాం, మయ్యత్‌కి పోతాం, ఉర్సుకి పోతాం, కోర్టు వాయిదాకి పోతాం, గల్ఫ్‌కి పోయేవాణ్ణి విమానం ఎక్కించటానికి పోతాం. పోతే పదిమందిమి పోతాం. టిఫిన్ డబ్బాలు, నీళ్ళ క్యాను, జానిమాజ్, ఒక నానీ, ఇద్దరు చంటిపిల్లలు తప్పవు. పనేమీ లేకుండా ఒక్కడే వేల మైళ్ళు తిరిగొచ్చాడంటే, వాడికి ఇంట్లో గొడవైనా అయివుండాలి, లేదా వాడు ఫకీరైనా అయిపోయి వుండాలి.

ఇప్పుడు మా పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు, కడప, నల్లగొండల నుంచి చదువుకనీ కంప్యూటరు ఉద్యోగాలకనీ వెళ్ళారు. అక్కడి అలవాటు ఒకటి వాళ్ళకి అంటుకుంది. సెలవులు దొరికితే కారులో సామాను వేసుకుని ఒంటరిగా రోడ్డెక్కటం. ఆ దేశంలో 63 నేషనల్ పార్కులున్నాయి. వాటి మధ్య వేల మైళ్ళ రోడ్లు, ఆ రోడ్ల పక్కన ఆగి చూడాల్సిన రాళ్ళూ విగ్రహాలూ బోర్డులూ ఉన్నాయి. గ్రాండ్ కేన్యన్ అంచు మీంచి, ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల దగ్గర్నుంచి, డెత్ వ్యాలీ ఉప్పునేల మీంచి ఇంటికి ఫోటోలు పంపుతారు. అమ్మీ ఫోటోని అటూ ఇటూ జరిపి చూసి ఒకటే అడుగుతుంది: "తోడెవరూ లేరా బేటా?"

ఈ మాటని చాదస్తమని నవ్వి వదిలెయ్యొచ్చు. మేం వదల్లేకపోతున్నాం. ఆ ముసలి మాటలో రెండు ప్రశ్నలున్నాయని మాకు అనిపిస్తోంది. ఒంటరిగా తిరగటం అసలు ఎవరికి సాధ్యం? ఒంటరిగా తిరగటానికి దొరికే ఆ ఖాళీ నేల, నిజంగా ఖాళీదేనా? ఈ రెండూ అమెరికా రోడ్ల మీద పుట్టిన ప్రశ్నలే అయినా జవాబు వెతుక్కుంటూ పోతే మన ఊళ్ళ దాకా వస్తాయి.

ముందు, ఒంటరి ప్రయాణంలో సుఖం ఏమిటో ఒప్పుకుందాం. ఊరు దాటాక నిన్నెవడూ ఎరగడు. ఫలానావారి అబ్బాయి, ఫలానా వీధి, ఫలానా మతం అనే మూటలన్నీ దించేసి కారు నడుపుతావు. పొద్దున్నే ఒక కొండ కనిపిస్తుంది, ఆగుతావు. అక్కడ నువ్వొక మనిషివి, అదొక కొండ. అంతకుమించి లెక్క చెప్పాల్సిన పని లేదు. పేరు చెప్పగానే టు-లెట్ బోర్డు లోపలికి పోయే ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ సుఖం విలువ బాగా తెలుసు. ఎక్కడ ఏ బాంబు పేలినా మర్నాడు ఆఫీసులో తలవంచుకు కూచునేవాళ్ళకి తెలుసు. ఒక్కరోజు, ఒక్క పూట, ఎవరి తరఫునా జవాబు చెప్పకుండా బతకటం చిన్న కోరిక కాదు. దాన్ని అమెరికా మోజు అని ఎగతాళి చేసేవాళ్ళతో మేం ఏకీభవించం.

అయితే ఆ కోరిక అందరికీ ఒకేలా తీరదు. అమెరికా రోడ్డంటే స్వేచ్ఛ అని పాటలూ సినిమాలూ చెప్పిన కాలంలోనే, నల్లవాళ్ళు కారెక్కేముందు ఒక పుస్తకం చేతిలో పెట్టుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ హార్లెంలో ఉంటూ పోస్ట్‌మాన్‌గా పనిచేసిన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టిన ఆ 'గ్రీన్ బుక్'లో ఏ ఊళ్ళో ఏ హోటల్లో నల్లవాళ్ళకి పడక దొరుకుతుందో, ఎక్కడ భోజనం పెడతారో రాసి ఉండేది. ఆయన పోయాక కూడా 1960ల నడిమి దాటేదాకా అది అచ్చవుతూనే ఉంది. ప్రకృతికి రంగు లేదంటారు. వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కులో మాత్రం నల్లవాళ్ళకి వేరే విడిది ఉండేది. లూయిస్ మౌంటెన్ అనే ఆ చోటు 1939లో తెరిచారు. కొండగాలి అందరిదీ, గుడారం వేసుకునే చోటు మాత్రం విడివిడి. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన దేశంవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ చట్టాలు పోయాయి. చూపు మాత్రం పోలేదు. 2001 సెప్టెంబర్ 15న అరిజోనాలోని మేసా ఊళ్ళో, తన పెట్రోలు బంకు ముందు నిలబడ్డ బల్బీర్ సింగ్ సోధీని కాల్చి చంపారు. ఆయన సిక్కు. తలపాగా, గడ్డం చూసి చంపినవాడు ముస్లిం అనుకున్నాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో మన హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లని ఒక బార్‌లో కాల్చి చంపారు. చంపినవాడు తాను ఇద్దరు ఇరానీలని కాల్చానని తర్వాత ఒకచోట చెప్పుకున్నాడు. శ్రీనివాస్ ముస్లిం కాదు, ఇరానీ కాదు. మా పేరు వెతుక్కుంటూ వచ్చిన తూటా ఆ తెలుగింటి బిడ్డకి తగిలింది. ఆ చావు మా అందరి ఇళ్ళలో చావు.

ఆ రాత్రి ఇంకొకటి కూడా జరిగింది. ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లజాతి యువకుడు ఆ తుపాకీవాడి మీదికి వెళ్ళి తనూ తూటా తిన్నాడు. అతను బతికాడు. అది కూడా చెప్పకపోతే మన లెక్క తప్పుతుంది.

ఇందులోంచి మేం తీసుకునే మాట ఇది. ఒంటరితనం అనేది ఎదుటివాడు ఇవ్వాల్సినది. నువ్వు ఒక్కడివే కారులో కూచోగలవు, కాని పెట్రోలు బంకు దగ్గరవాడు నిన్ను ఒక్కడిగా చూడాలి కదా! మైనారిటీ మనిషి కారులో వెనక సీటు ఖాళీగా ఉండదు. కౌమ్ అంతా అందులో కూచుని ఉంటుంది. వాళ్ళని ఎక్కించింది అతను కాదు. రోడ్డు పక్క నిలబడి చూసేవాడి కళ్ళు ఎక్కించాయి.

ఇక మా ఆడపిల్లల సంగతి. వాళ్ళు కూడా చదివారు, ఉద్యోగాలు చేస్తున్నారు, కారు నడుపుతున్నారు, వాళ్ళలో కొందరు ఒంటరిగా ఈ పార్కులు తిరిగొస్తున్నారు. వాళ్ళ వెనక సీట్లో ఇంకొక భారం కూడా ఉంటుంది. బయట తుపాకీవాడు, ఇంట్లో "మహ్రం లేకుండా ఎలా పోతావ్?" అనే మామూ. తోడు లేని స్త్రీ ప్రయాణం గురించి మా పండితుల్లో ఎప్పటినుంచో భిన్నాభిప్రాయాలున్నాయి, దారి భద్రంగా ఉందా లేదా అన్నది ఆ చర్చలో ముఖ్యమైన విషయం. హజ్‌కే 2018లో మన ప్రభుత్వం 45 ఏళ్ళు దాటిన స్త్రీలు నలుగురు కలిసి మహ్రం లేకుండా వెళ్ళే వీలు కల్పించింది. వెళ్ళారు, వచ్చారు, హాజియానీలయ్యారు. ఆడపిల్ల గురించి తల్లి పడే భయం నిజం. ఆ భయానికి దీన్ అని పేరు పెట్టి గడపకి గొళ్ళెం వెయ్యటం వేరే సంగతి. "తోడెవరూ లేరా?" అన్న అమ్మీ మాటలో ప్రేమ ఉంది. "తోడు లేకుండా వీల్లేదు" అన్న మాటలో ఉన్నది అధికారం. ఈ రెండిటినీ కలిపెయ్యొద్దని మా ఆడపిల్లలు అడుగుతున్నారు. న్యాయమైన మాట.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఒంటరిగా తిరిగేవాడికి ఖాళీ నేల కావాలి. కనుచూపు మేర మనిషి లేని లోయ, మనిషి లేని అడవి. అమెరికా పార్కుల అందమంతా ఆ ఖాళీలో ఉందని చెబుతారు. ఆ ఖాళీ ఎలా వచ్చిందో చూద్దాం.

ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కుగా చెప్పే ఎల్లోస్టోన్‌ని ప్రజల ఆనందం కోసం కేటాయిస్తూ అధ్యక్షుడు గ్రాంట్ 1872 మార్చి 1న సంతకం చేశాడు. ఆ ప్రజల్లో అక్కడి మనుషులు లేరు. కొండగొర్రెలని వేటాడి బతికే తుకుడికా షోషోనీలు ఆ కొండల్లోనే ఉండేవాళ్ళు. క్రో, బ్లాక్‌ఫీట్, బానాక్ జాతులు అక్కడికి వచ్చి పోతుండేవి. అక్కడి నల్లని గాజురాయితో చెక్కిన పనిముట్లు వేల ఏళ్ళ కిందటే వందల మైళ్ళ అవతలికి చేరాయి. అంటే అది మనుషులు నడిచిన, మనుషులు వాడుకున్న నేల. అయినా ఆదివాసులు ఆవిరి ఊటలు చూసి భయపడి ఇటు రారనే కథ ఒకటి ప్రచారమైంది. 1870లలో తుకుడికాలని రిజర్వేషన్లకి తరలించారు. 1886 నుంచి 1918 దాకా పార్కుని కాపలా కాసింది సైన్యం.

పార్కు పుట్టిన అయిదేళ్ళకి, 1877లో, నెజ్ పెర్స్ జాతి జనం, ముసలివాళ్ళూ పిల్లలూ సహా సుమారు 800 మంది, తమని తరుముతున్న సైన్యం ముందు పరుగెడుతూ ఆ పార్కు మధ్యలోంచే వెళ్ళారు. అదే రోజుల్లో అక్కడ విహారానికి వచ్చిన యాత్రికులు గుడారాలు వేసుకుని ఉన్నారు. ఇద్దరు యాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. నెజ్ పెర్స్‌లు కెనడా సరిహద్దుకి నలభై మైళ్ళ దూరంలో లొంగిపోవాల్సి వచ్చింది. ఒకే నేల మీద, ఒకే నెలలో, ఒకరు గాలి మార్పు కోసం వచ్చారు, ఒకరు బతకటానికి పరుగెత్తారు. నేషనల్ పార్కు అనే మాట వినగానే మేం ఈ రెండు గుంపుల్నీ పక్కపక్కనే చూస్తాం.

యోసెమిటీ లోయలోకి 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వెళ్ళింది. వెళ్ళింది అందం చూడటానికి కాదు, అవానీచీలనే అక్కడి జనాన్ని వెళ్ళగొట్టటానికి. అది 1890లో నేషనల్ పార్కు అయింది. గ్రాండ్ కేన్యన్‌లో హవసుపాయి జనం లోయ అడుగున ఊటనీళ్ళతో తోటలు పండించుకునేవాళ్ళు. 1919లో పార్కు వచ్చింది. 1928లో ఆ తోటల్లో మిగిలిన ఆఖరి మనిషిని కూడా పార్కువాళ్ళు బలవంతంగా పంపించేశారు. ఆ తర్వాత ఆ చోటుకి 'ఇండియన్ గార్డెన్' అని పేరు. మనిషి పోయాడు, అతని జాతి పేరు కూడా కాదు, ఎవడో తప్పుగా పెట్టిన పేరు మిగిలింది.

రోడ్డు పక్క రాళ్ళ సంగతి కూడా ఇంతే. ఏ రాయి పెద్దది, ఏ రాయి చిన్నది, ఏ రాయి అసలు లేదు అని చూస్తే ఆ దేశపు మనసు తెలుస్తుంది. సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్‌లో మౌంట్ రష్‌మోర్ ఉంది. 1927 నుంచి 1941 దాకా నలుగురు అధ్యక్షుల ముఖాలు, ఒక్కొక్కటి అరవై అడుగుల ఎత్తు, కొండని తొలిచి చెక్కారు. ఆ కొండలు లకోటాలవని 1868లో అమెరికా ప్రభుత్వమే ఫోర్ట్ లారమీ ఒప్పందం రాసిచ్చింది. 1874లో బంగారం కనపడింది, 1877లో కొండలు లాక్కుంది. 1980లో సుప్రీంకోర్టు అది అన్యాయమేనని తేల్చి వందమిలియన్ డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు. వడ్డీతో కలిసి అది వంద కోట్ల డాలర్లు దాటింది. వాళ్ళు ఆ దేశంలో అతి పేదల్లో ఉన్నవాళ్ళు. అయినా కొండని అమ్మలేదని, అమ్మబోమని చెబుతున్నారు. తల్లికి వెలకట్టి ఇచ్చే డబ్బు తీసుకోమన్నవాళ్ళ ముందు ఆ నాలుగు ముఖాలూ ఎంత చిన్నవో!

కాలిఫోర్నియాలో 395వ నంబరు రోడ్డు మీద, డెత్ వ్యాలీకి పోయే దారిలో, మంచుకొండల కింద మన్‌జనార్ అనే చోటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాను మూలాలున్న సుమారు లక్షా ఇరవై వేల మందిని అమెరికా ప్రభుత్వం క్యాంపుల్లో పెట్టింది. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఆ దేశ పౌరులే. మన్‌జనార్‌లో పదివేలకు పైగా మనుషులు 1942 నుంచి 1945 దాకా ముళ్ళకంచె వెనక బతికారు. నేరం ఒకటే, ముఖం. 1988లో ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికి ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. 1992లో ఆ చోటుని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. ఇప్పుడు దాన్ని చూసుకునేది కూడా నేషనల్ పార్కుల శాఖే. తన సిగ్గుని రోడ్డు పక్కన పెట్టి, ఆగి చూడమని బోర్డు పెట్టింది ఆ దేశం. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి. తలుపులు మూసిన ఇళ్ళు, తగలబడిన బజార్లు ఉన్న మన ఊళ్ళలో అలాంటి బోర్డు ఒక్కటి కనబడితే మేం కూడా ఆగి చూడాలని ఉంది.

మా వాడి రాయి కూడా ఒకటుంది అక్కడ. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే ఎడారి ఊరి శ్మశానంలో, రాళ్ళు పేర్చిన ఒక చిన్న పిరమిడ్, దాని కొన మీద రాగి ఒంటె. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వుకుని ఫోటో తీసుకుంటారు. ఆ సమాధి పేరు 'హాయ్ జాలీ'. ఆ మనిషి హాజీ అలీ. ఎడారుల్లో సామాను మొయ్యటానికి ఒంటెలు పనికొస్తాయేమో చూద్దామని అమెరికా సైన్యం మధ్యధరా తీరం నుంచి ఒంటెల్ని తెప్పించినప్పుడు, వాటిని మేపేవాడిగా 1856లో టెక్సస్ ఓడరేవులో దిగాడు. సిరియా నేల మూలాలున్నవాడని చెబుతారు. హాజీ అలీ అనటం సైనికులకి నోరు తిరగలేదు. హాయ్ జాలీ అయ్యాడు. 1857లో ఆ ఒంటెలతోనే బీల్ అనే అధికారి న్యూమెక్సికో దిక్కు నుంచి కొలరాడో నది దాకా బండిబాట కొలిచాడు. తర్వాతి కాలంలో రైలుదారీ, పేరుమోసిన 66వ నంబరు రోడ్డూ చాలాచోట్ల ఆ బాట వెంటే వెళ్ళాయి. అమెరికావాడి స్వేచ్ఛకి గుర్తుగా చెప్పుకునే ఆ రోడ్డు పుట్టుకలో ఒంటెల అడుగులున్నాయన్నమాట! అంతర్యుద్ధం వచ్చింది, ఒంటెల్ని అమ్మేశారు, కొన్నిటిని ఎడారిలోకి తోలేశారు. హాజీ అలీ 1880లో పౌరసత్వం తీసుకున్నప్పుడు కాగితంలో ఫిలిప్ టెడ్రో అని ఉంది. 1902లో చనిపోయాడు. 1935లో ఆ రాష్ట్రపు రోడ్ల శాఖ సమాధి కట్టించింది. రోడ్డు కోసం పనిచేసినవాణ్ణి రోడ్లవాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. పేరు మాత్రం వాళ్ళ నోటికి తగ్గట్టే రాసుకున్నారు.

మస్తాన్‌ని మస్తానయ్య చేసి, సయ్యద్‌ని సైదులు చేసి పిలిచే ఊళ్ళలోంచి వచ్చినవాళ్ళం. పేరు విరగటం ఎప్పుడూ అవమానమే అని మేం అనం. ప్రేమతో కూడా పేరు వంగుతుంది. పీర్ల పండక్కి వచ్చే హిందూ రైతు బిడ్డకి సైదులని పేరు పెట్టుకుంటే అది మాకు గౌరవం. పిలిచేవాడు దగ్గరికొచ్చి వంచుకున్నాడా, దూరం నుంచి నవ్వటానికి విరగ్గొట్టాడా అన్నదే తేడా. క్వార్ట్‌జ్‌సైట్ రాయి దగ్గర ఆ రెండూ కలిసే ఉన్నాయి.

ఇంకా ఉత్తరాన, నార్త్ డకోటాలో రాస్ అనే పల్లెటూరు ఉంది. సిరియా నుంచి వచ్చి గోధుమ పొలాలు సాగుచేసిన ముస్లిం రైతులు 1929లో అక్కడ ఒక చిన్న మసీదు కట్టుకున్నారు. అమెరికాలో మసీదుగానే కట్టిన తొలి కట్టడాల్లో అదొకటి. పిల్లలు పట్నాలకి పోయారు, నమాజుకి మనుషులు తగ్గారు, 1970ల చివర దాన్ని పడగొట్టారు. 2005లో ఆ చోటనే గుర్తుగా ఒక చిన్న మసీదు మళ్ళీ లేచింది. ఆ కథ చదివితే మా కళ్ళు చెమ్మగిల్లుతాయి. కాని అక్కడే ఆగిపోతే న్యాయం కాదు. సాగు చేసుకునేవాళ్ళకి ప్రభుత్వం పంచిన ఆ భూములూ అంతకుముందు ఆదివాసులవే. మా రైతు చెమటోడ్చింది నిజం. అతను నాగలి పెట్టిన నేల మరొకరి చేతిలోంచి జారినదీ నిజం.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు అడ్డుపడతారు. "కొండని చూస్తే కొండ కనపడాలి. మీకు అన్నిచోట్లా గాయమే కనపడితే ఎలా? పార్కులు లేకపోతే ఆ అడవులన్నీ కలప కంపెనీలు నరుక్కుపోయేవి కదా?" అని. వాళ్ళ మాటలో నిజం ఉంది. ఒకప్పుడు లక్షలకు లక్షలుగా తిరిగిన అడవి దున్నలు 1902 నాటికి ఎల్లోస్టోన్‌లో పాతిక కూడా లేవు. పార్కే లేకపోతే ఆ పాతికా మిగిలేవి కాదు. ఇవాళ అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. అందం అబద్ధం కాదు. కాపాడటం అబద్ధం కాదు. మేం అడిగేది ఒక్కటే. అడవిని కాపాడాలంటే అడవిలో మనిషిని వెళ్ళగొట్టాలా? వెళ్ళగొట్టిన తర్వాత, ఇక్కడ ఎప్పుడూ ఎవరూ లేరని కథ ఎందుకు చెప్పాలి?

ఈ కథ సముద్రం దాటి మనదాకా వచ్చింది. ఎల్లోస్టోన్ చట్టానికి సరిగ్గా వందేళ్ళకి, 1972లో, మన వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నేషనల్ పార్కుగా ప్రకటించిన నేలలో పశువుల మేతకి కూడా చోటు లేదు. నల్లమల నేషనల్ పార్కు కాదు, అభయారణ్యం, 1983 నుంచి పులుల రక్షణ ప్రాంతం. తెలంగాణ వచ్చాక ఉత్తరపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. అక్కడి పెంటల్లో చెంచులు ఉన్నారు. తేనె తీసేవాళ్ళు, గడ్డలు తవ్వేవాళ్ళు, పులి అడుగు చూసి అది ఎటు పోయిందో చెప్పగలిగేవాళ్ళు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా, వాళ్ళని కిందికి దింపాలనే మాట ఆగలేదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద కారులో పోయేవాడికి నల్లమల ఖాళీ అడవిలాగే కనపడుతుంది. ఎల్లోస్టోన్ యాత్రికుడికీ అలాగే కనపడింది.

ఆ రోడ్డు మీదే, మన్ననూరు దాటాక, ఫరహాబాద్ అనే చోటు వస్తుంది. అందరూ ఆగి లోయ చూసే చోటు. ఫరహ్ అంటే సంతోషం. నిజాం కాలంలో అది వేట విడిది. ఆ బోర్డు మీద ఉన్నది మా భాష పేరు. దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళు మాలో ఉన్నారు. ఊళ్ళ పేర్లు మార్చేస్తామని ఎవరైనా అన్నప్పుడు మా గుండెలు కొట్టుకునే రోజుల్లో ఆ మురిపెం అర్థమయ్యేదే. అయినా ఒక మాట అనక తప్పదు. వేటకొచ్చిన నవాబుల ఫరహ్ అది. దూది ఏకినవాళ్ళదీ, గాజులమ్మినవాళ్ళదీ, కసాయి కొట్లో నిలబడ్డవాళ్ళదీ కాదు. చెంచువాడిదీ కాదు. పాలకుడి పేరు మా పేరులా ఉందని పాలకుడి సంతోషం మా సంతోషం అయిపోదు. ఆ కొండకి చెంచులు ఏ పేరు పెట్టి పిలుచుకున్నారో అడక్కుండా మా పేరు నిలవాలని మాత్రమే అడిగితే, రష్‌మోర్ కొండ చెక్కినవాడికీ మాకూ తేడా ఎంత?

అయితే ఏం చెయ్యాలి? వెళ్ళొద్దా? చూడొద్దా? అది జవాబు కాదు. అన్యాయం తగలని నేల కావాలంటే మనిషి ఇల్లు కదలకూడదు, ఆ ఇల్లున్న నేల చరిత్ర కూడా అడక్కూడదు. జవాబు మా పాతమాటల్లోనే దొరుకుతుందని మాకు తోస్తోంది. ముసాఫిర్ అనే మాట.

మా ధర్మంలో ముసాఫిర్‌కి కొన్ని హక్కులున్నాయి. నాలుగు రకాతుల నమాజు అతనికి రెండు రకాతులవుతుంది. జకాత్ ఎవరికివ్వాలో చెప్పిన ఎనిమిది రకాలవాళ్ళలో అతనొకడు. అక్కడ అతన్ని ఇబ్నుస్సబీల్ అంటారు, బాట బిడ్డ అని అర్థం. ఇంటి దగ్గర ఎంత ఉన్నవాడైనా, దారిలో చిక్కుబడితే ఆ సొమ్ము తీసుకోవచ్చు. దీని భావం ఏమిటి? దారిలో ఉన్నవాడు ఆసామి కాదు. ఎవడి నీళ్ళో తాగి, ఎవడి నీడనో కూచుని, ఎవడి దయవల్లనో ముందుకి పోయేవాడు. ఇబ్న్ బతూతా 1325లో ఇరవయ్యొక్కేళ్ళ వయసులో తోడు లేకుండానే టాంజియర్ నుంచి బయల్దేరాడు. ట్యూనిస్ చేరినప్పుడు తోటి బాటసారులందర్నీ ఎవరో ఒకరు పలకరించారు, అతన్ని పలకరించేవాడు లేడు. ఏడ్చాడు. అది చూసి ఒక హాజీ దగ్గరికొచ్చి సలాం చెప్పాడు. అంత పెద్ద యాత్రికుడు ఈ సంగతి దాచుకోలేదు. ఎవరికీ తెలియని చోట ఉండటం ఎంత సుఖమో, ఎవరూ పలకరించకపోవటం అంత దుఃఖం. ఒంటరి సఫర్‌లో ఆ రెండూ ఉన్నాయి.

టూరిస్టుకి నేల ఒక దృశ్యం. ఆసామికి నేల ఒక ఆస్తి. ముసాఫిర్‌కి నేల ఒక మేజ్బాన్ ఇల్లు. ఇంటికెళ్ళినవాడు ముందు ఇంటివాళ్ళెవరో అడుగుతాడు. ఇంటివాణ్ణి ఎవరో బయటికి తోసేశారని తెలిస్తే, వాడి మంచం మీద కాళ్ళు చాపుకుని కూచోలేడు. కనీసం తోసేసినవాడితో కలిసి "ఈ ఇల్లు ఎప్పుడూ ఖాళీయే" అని అబద్ధం చెప్పడు.

అడిగితే ఏమవుతుందని నిరాశపడేవాళ్ళు హవసుపాయి జనం వైపు చూడాలి. దశాబ్దాల పాటు వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. 1975లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి గ్రాండ్ కేన్యన్ ప్రాంతంలో లక్షా ఎనభై అయిదు వేల ఎకరాలు వాళ్ళకి తిరిగిచ్చింది. 2022లో ఆ 'ఇండియన్ గార్డెన్' పేరు తీసేసి హవసుపాయి గార్డెన్స్ అని మార్చారు. పోయిన తరాలు తిరిగి రాలేదు. కాని లోయలోకి దిగే ప్రతి బాటసారీ ఇప్పుడు ఆ పేరు చదువుకుని దిగాలి. పేరు చదివినవాడు ఒక్కక్షణం ఆగి, ఎవరు వీళ్ళు అని అడగొచ్చు. మా పోరాటాలన్నీ చివరికి ఆ ఒక్క క్షణం కోసమే కదా!

మా పిల్లలకి మేం చెప్పేది ఇదీ. వెళ్ళండి. అబ్బాయిలూ అమ్మాయిలూ వెళ్ళండి. మీ పేరు అడిగేవాడు లేని ఆ పొద్దుటి పూట మీ హక్కు, దాన్ని వదులుకోవద్దు. కొండని కళ్ళారా చూడండి. చూశాక ఆ కొండ పాత పేరేమిటో అక్కడ ఎవరినైనా అడగండి. క్వార్ట్‌జ్‌సైట్ దాకా పోతే హాజీ అలీకి ఒక ఫాతిహా చదవండి, ఆయన్ని ఆయన పేరుతో పిలిచినట్టవుతుంది. మన్‌జనార్‌లో ఆగండి. ఇంటికొచ్చినప్పుడు నల్లమల రోడ్డు మీద ఫరహాబాద్‌లో కూడా ఆగండి. అక్కడ మన పేరు చూసి ఊరుకోకుండా, దారిలో కనపడ్డ చెంచు పెద్దాయనకి సలాం చెప్పి, ఈ చోటుని మీ వాళ్ళు ఏమంటారు తాతా అని అడగండి. ఆయన చెప్పిన పేరు ఇంటికి తెచ్చి అమ్మీకి చెప్పండి. తోడెవరని ఆమె అడిగినప్పుడు చెప్పటానికి మీ దగ్గర ఒక జవాబుంటుంది.